అయ్యగారి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మందిరం ఆఫీసులో ఫోను ఎత్తేది నేనే. విశాఖ పోర్టులో ఉద్యోగ విరమణ చేసిన మర్నాడే సంఘ కార్యదర్శి పని నా నెత్తిన పెట్టారు. మా బాప్టిస్టు సంఘ కాపరి అయ్యగారు పూర్తికాల సేవ నుంచి విశ్రాంతి తీసుకుంటున్నారని తెలిసినప్పటి నుంచి ఆ ఫోను చల్లబడిందే లేదు. బొబ్బిలి నుంచి, బెంగుళూరు నుంచి, దుబాయి నుంచి కూడా చేస్తున్నారు. అడిగేవి మాత్రం ఇంచుమించు అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పి గొంతు పోయింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఇందులో అభిప్రాయాలు నావి. అయ్యగారు చదివి రెండుచోట్ల కొట్టేశారు. ఒకచోట నేను మళ్లీ రాశాను.

ఆయన పేరు ఎక్కడా రాయలేదేమిటి?

ఆయనే వద్దన్నారు. "పేరు వేస్తే రేపు ఫ్లెక్సీ వేస్తారు. ఫ్లెక్సీలో నా బొమ్మ మందిరం కంటే పెద్దదిగా ఉంటుంది" అన్నారు. జ్ఞానాపురం నుంచి కంచరపాలెం దాకా ఒకసారి నడిచి, స్తంభాలకు కట్టిన ఉజ్జీవ కూటాల ఫ్లెక్సీలు చూస్తే ఆయన భయంలో అర్థం ఉందని మీకే తెలుస్తుంది. మా సంఘంవారికి పేరు అక్కర్లేదు. తెలియనివారికి ఈ కథ చాలు.

పాస్టరు అనకుండా "అయ్యగారు" అని ఎందుకు అంటారు?

ఉత్తరాంధ్ర బాప్టిస్టు సంఘాల్లో కాపరిని అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలవడం తాతలనాటి అలవాటు. కెనడా మిషనరీల కాలంలో వాళ్లు దొరగారు, దొరసానమ్మ. వాళ్లు వెళ్లిపోయాక ఆ పిలుపూ పోయింది, అయ్యగారు మిగిలారు. శుభలేఖల మీద రెవరెండ్ అని వేస్తారు. ఇప్పటి పిల్లలు అంకుల్ అంటారు, దానికీ పలుకుతారు. మైకులో ఎవరైనా "దైవజనులు" అన్నారో, ముఖం చిట్లిస్తారు. "జనులు బహువచనం. వచ్చింది నేనొక్కణ్నే" అని ఒక పెద్ద సభలో నిజంగానే అనేశారు. ఆ సభవారు మళ్లీ పిలవలేదు.

ఎక్కడ పుట్టారు? సేవలోకి ఎలా వచ్చారు?

బొబ్బిలి దగ్గర ఒక పల్లె. నేతపని చేసుకునే ఇల్లు. మిషను హాస్టల్లో ఉండి చదువుకున్నారు. ఆయన సాక్ష్యంలో దర్శనం, మెరుపు, ఆకాశం నుంచి స్వరం లాంటివి ఉంటాయని ఆశించేవారు నిరాశ పడతారు.

ఆయన విశాఖకు వచ్చింది పని కోసం. హార్బరు పనివాళ్లు ఉండే ఒక వరుస ఇళ్లలో, ఆరుగురితో కలిసి ఒకే గదిలో ఉండేవారు. ఆ వరుసలో చదవను, రాయను వచ్చినవాడు ఆయనొక్కడే. అందుకని సాయంత్రం దీపం పెట్టేసరికి కార్డు ముక్కలు పట్టుకుని మనుషులు గుమ్మం ముందు కూర్చునేవారు. ఇంటికి ఉత్తరం రాసిపెట్టాలి. ఒకరు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతారు. ఇంకొకరు చెప్పాల్సిందంతా చెప్పి, "ఇది మాత్రం రాయకు" అంటారు. ఆ రాయకూడని మాటల్లోనే మనిషి ఉంటాడని తనకు అక్కడే తెలిసిందని అయ్యగారు అంటారు.

1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమం నడుస్తోంది. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని ఊరంతా గోడల మీద రాతలు. నవంబరు 1న కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ మర్నాడు సాయంత్రం ఆయన గుమ్మం ముందు ఎప్పటికంటే ఎక్కువమంది కూర్చున్నారు. అందరి ఉత్తరమూ ఒకటే: బతికే ఉన్నానని రాయి. ఒకాయనకు భార్య లేదు, తల్లి లేదు, ఊళ్లో ఎవరూ లేరు. ఆయనా కార్డు తెచ్చుకున్నాడు. ఎవరికి రాయాలని అడిగితే, "ఎవరికో ఒకరికి రాయండి బాబూ" అన్నాడట. ఆ కార్డు మీద చిరునామా రాయలేక చాలాసేపు కూర్చున్నానని, లేచేటప్పటికి తాను చేయవలసిన పని ఏమిటో తెలిసిపోయిందని అయ్యగారు చెబుతారు. ఆ కార్డు ఏమైందని నేను మూడుసార్లు అడిగాను, చెప్పలేదు.

ఆయన చదువు ఏమిటి? డాక్టరేటు ఉందా?

లేదు. రెండుచోట్ల నుంచి గౌరవ డాక్టరేటు ఇస్తామని ఫోన్లు వచ్చాయి. రుసుము ఎంతో కూడా వాళ్లే చెప్పారు. ఆయన నవ్వి ఫోను నాకిచ్చారు.

ఆయన చదివింది కాకినాడ సెమినరీలో. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, 1882లో సామర్లకోటలో వేదపాఠశాల పెట్టారు. బోధకులను తయారుచేసే ఆ పని తరువాత కాకినాడలో సాగింది. చేతికి వచ్చిన పట్టా మీద బెంగాలులోని సెరంపూర్ విద్యాపీఠం పేరు ఉంటుంది. ఆ పట్టా గోడకు తగిలించి ఉన్నా ఎప్పుడూ దాని ప్రస్తావన తీసుకురారు. సెరంపూర్ అన్న మాట వస్తే మాత్రం ఆయన చెప్పే సంగతి వేరే ఉంది. అది తరువాతి ప్రశ్నలో వస్తుంది.

యాభై ఏళ్లకు పైబడిన సేవలో ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు?

ఫోన్లలో సగం ఈ ప్రశ్నే. లెక్క మందిరం రిజిస్టరులో ఉంది, నేను చూశాను, చెప్పను. చెప్పవద్దన్నది ఆయన ఆజ్ఞ. మొదట నాకూ ఇది అతి వినయంలా తోచింది. తరువాత ఒక ఆదివారం బడిలో పిల్లలకు ఆయన చెప్పిన పాఠం విన్నాక మనసు మారింది.

ఆ పాఠం మన ఊరిదే. 1805లో లండన్ మిషను తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ చనిపోయాడు. 1810లో డెస్ గ్రాంజెస్ చనిపోయాడు. వచ్చి పట్టుమని అయిదేళ్లు. చేతిలో ఉన్నది మూడు సువార్తల తెలుగు రాతప్రతి. అది 1812లో బెంగాలులోని సెరంపూర్‌లో అచ్చయింది. వెనుక వచ్చిన ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం పూర్తి చేశాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది. పుస్తకం వచ్చింది, ఊరు మాత్రం కదలలేదు. మొదటి ముప్పై ఏళ్లలో ఆ మిషను చూపించుకోగలిగిన ఫలం దాదాపు శూన్యం.

"ముప్పై ఏళ్లు!" అని అయ్యగారు పిల్లల ముందు వేళ్లు మడిచి చూపిస్తారు. "ఏటా లండన్‌కు నివేదిక రాయాలి కదా. ఏం రాసి ఉంటారు? ఈ సంవత్సరమూ ఎవరూ రాలేదు. ఈ సంవత్సరమూ ఎవరూ రాలేదు. అయినా వాళ్లు అనువాదం చేసిన వాక్యాన్నే ఇవాళ మీరు కంఠస్థం చేస్తున్నారు. లెక్కలు చూసి పని ఆపేసి ఉంటే?"

మా పట్టణ సంఘాల మూలం అక్కడే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లండన్ మిషను తన పనిని ఇక్కడ కెనడా బాప్టిస్టులకు అప్పగించింది. పాతపట్నంలో లండన్ మిషను పేరు ఇప్పటికీ వినిపించేది అందుకే.

ప్రసంగంలో తరచు చెప్పే ఆనందరాయర్ ఎవరు?

ఆ ఇద్దరు దొరల పేర్లు చరిత్రలో నిలిచాయి. పక్కన కూర్చుని తెలుగు చెప్పినవాణ్ని జనం మరిచిపోయారు. ఆయనే ఆనందరాయర్. మహారాష్ట్ర బ్రాహ్మణుడు. టిప్పు సైన్యంలో ఒక దళానికి లెక్కలు రాసేవాడు. ఆయన కథను అప్పట్లో దేశమంతా తిరిగిన క్లాడియస్ బుకానన్ అనే పాదిరి రాసిపెట్టాడు. మోక్షం కోసం ఒక మంత్రాన్ని నాలుగు లక్షలసార్లు జపించమని ఒక పెద్దాయన చెబితే, గుడిలో కూర్చుని లెక్కకు మించే జపించాడు. ఆరు నెలలు గడిచినా మనసుకు శాంతి చిక్కక ఇంటిదారి పట్టాడు. దారిలో ఒక కథోలిక క్రైస్తవుడు కలిసి రెండు తెలుగు పుస్తకాలు చేతిలో పెట్టాడు. అక్కడి నుంచి పుదుచ్చేరి, తరంగంబాడి మీదుగా చివరికి విశాఖ చేరి డెస్ గ్రాంజెస్‌తో కలిసి సువార్తల అనువాదానికి కూర్చున్నాడు.

ఈ కథను జపాన్ని వెక్కిరించడానికి వాడుకునే ప్రసంగికులు ఉన్నారు. నేను విన్నాను, సిగ్గుపడ్డాను. అయ్యగారు అదే కథను తిప్పి చెబుతారు. "నాలుగు లక్షలసార్లు దేవుణ్ని పిలిచినవాడి ఓర్పు నీలో నాలుగు వందలసార్లకైనా ఉందా? ఆ ఓర్పే తరువాత ఒక్కొక్క మాటకు సరైన తెలుగు వెతికింది." ఈ మాట అన్నప్పుడు సాధారణంగా వెనుక వరుసలో ఫోను చూసుకునేవాళ్లు కూడా తల ఎత్తుతారు.

ఆయన ప్రసంగాల రికార్డింగులు దొరుకుతాయా?

ఆశ పెట్టుకోకండి. ఎనభైల్లో ఒక సోదరుడు ఏళ్ల తరబడి టేపు చేశాడు. క్యాసెట్లు ఒక రేకు పెట్టెలో పెట్టి మందిరం అటక మీద ఉంచాం. సముద్రపు గాలి సంగతి ఈ ఊరివాళ్లకు తెలుసు. మూత తీసేసరికి టేపుల మీద తెల్లటి బూజు, పెట్టె అడుగు తుప్పు పట్టి చిల్లులు. మూడు మాత్రం పలికాయి. వాటిలో ఒకటి మొత్తం కోతపండుగ వేలంపాట: గుమ్మడికాయకు, కోడిపుంజుకు పాడిన ధరలు తప్ప వాక్యం లేదు.

ప్రసంగం ఇరవై అయిదు నిమిషాలు ఉండేది. పాత క్యాలెండరు కాగితాల వెనుక రాసుకుంటారు. కీబోర్డు వెనుక మోగుతూ ఉంటే, అదే మాటను ఏడుపు గొంతుతో సాగదీసే పద్ధతి ఆయనకు సరిపడదు. మన బైబిలు తెలుగంటే మహా ఇష్టం. "ఏలయనగా" అని పలికేటప్పుడు ఆ దీర్ఘాన్ని కొంచెం ఎక్కువగానే పలుకుతారు. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ మిషనుకు చెందిన జాన్ హే, వార్డ్‌లా విశాఖలోనే ఏళ్ల తరబడి కూర్చుని తెలుగు బైబిలును సవరించారని, కాబట్టి ఆ "ఏలయనగా"లో మన ఊరి ఉప్పు ఉందని ఆయన వాదన. భాషా పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం నచ్చింది.

ఆయన పాటలు రాశారా?

రాయలేదు. పాడతారు. గొంతు గొప్పది కాదు, తాళం తప్పరు. పురుషోత్తమ చౌదరి కీర్తనలంటే ప్రాణం. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా బతికిన ఆ పర్లాకిమిడి ప్రాంతపు మనిషి మన ప్రాంతమంతా తిరిగి బోధించాడు. నూరుకు పైగా కీర్తనలు కట్టాడు. అయ్యగారి దృష్టిలో తెలుగునాట అసలైన ప్రసంగికుడు ఆయనే. "నా ప్రసంగం మీరు ఇంటికి వెళ్లేలోగా మరిచిపోతారు. పల్లవి పొయ్యి దగ్గర కూడా మరిచిపోరు" అంటారు. అందుకే కొత్తగా చేరినవారికి ముందు కీర్తన నేర్పి, తరువాతే పాఠం మొదలుపెడతారు. పాటల పుస్తకంలో పల్లవి పైన రాసి ఉన్న రాగం, తాళం ఎందుకు చూడరని కీబోర్డు వాయించే కుర్రాళ్లతో ముప్పై ఏళ్లుగా పోరాడుతున్నారు. ఆ పోరాటంలో ఆయన గెలవలేదని ఒప్పుకోవాలి.

రోగుల కోసం ప్రార్థన చేస్తారా? స్వస్థతలు జరిగాయా?

చేస్తారు. నూనె రాసి చేస్తారు. కానీ ఆయన అడిగే మొదటి ప్రశ్న "మాత్ర వేసుకున్నావా?" అన్నదే.

దీనికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మల్కాపురం వైపు ఒక యువకుడికి క్షయ. మందులు వాడుతూ కొంచెం తేరుకున్నాక ఎక్కడో ఒక స్వస్థత కూటానికి వెళ్లి వచ్చి, నయమైపోయిందని మాత్రలు మానేశాడు. క్షయ మందు తక్కువలో తక్కువ ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే రోగం ముదిరి, ఆ మందులకు లొంగకుండా పోతుంది. మళ్లీ రక్తం కక్కుకున్నాక ఆ తల్లి అయ్యగారి దగ్గరకు వచ్చింది. అయ్యగారు ప్రసంగం చేయలేదు, ఆ కూటంవారిని తిట్టలేదు. వాణ్ని సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి మందులు మొదటి నుంచి మొదలుపెట్టించారు. తరువాత రోజూ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, వాడు మాత్రలు మింగి నోరు తెరిచి చూపించేదాకా ఉండేవారు. వర్షమొచ్చినా, ఆదివారమైనా. ఆ యువకుడికి ఇప్పుడు మనవలు ఉన్నారు. దీన్ని స్వస్థత అనాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కేజీహెచ్‌కు, అంటే కింగ్ జార్జి ఆసుపత్రికి, వారానికి రెండుసార్లు వెళ్లేవారు. 1923 నుంచి మూడు రాష్ట్రాల బీదవాళ్లు వచ్చిపడే ఆసుపత్రి అది. మా సంఘంవారు ఎవరూ చేరకపోయినా వెళ్లేవారు. ఒడిశా నుంచి వచ్చినవారికి ఏ వార్డు ఎక్కడుందో చూపించడం, చీటీ చదివి పెట్టడం. పాత ఉత్తరాల పనే మరో రూపంలో.

ఇంటికి పిలిస్తే వస్తారా? ఎంత ఇవ్వాలి?

ఇప్పుడు నడక తగ్గింది కాబట్టి దగ్గర ఇళ్లకే. ఏమీ ఇవ్వనక్కర్లేదు. కవరులో పెట్టి ఇస్తే మర్నాడు నా దగ్గరకు వస్తుంది, నేను రసీదు రాసి పంపిస్తాను. టీ ఇవ్వండి, చక్కెర వద్దు.

ఆయన సేవ అసలు ఈ ఇళ్లలోనే జరిగిందని నా నమ్మకం. పీఠం మీద జరిగింది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. సాక్ష్యం చెప్పే ఒక వస్తువు ఉంది. పొడవాటి రూళ్ల నోటు పుస్తకం, అట్టకు బ్రౌను కాగితం, చివర దారంతో కట్టిన పెన్సిలు. అడ్డంగా మూడు గడులు: ఇల్లు, సంగతి, నేను ఇచ్చిన మాట. సంగతి గడిలో ఎక్కువ రాయరు. "చిన్నమ్మాయి పరీక్ష." "అప్పు." "మాట్లాడలేదు." మూడో గడిలో "గురువారం", "ప్రధానోపాధ్యాయుణ్ని కలవాలి", "ఊరికే మళ్లీ వెళ్లాలి". పని అయ్యాక ఆ గడి మీద గీత కొట్టరు, చిన్న చుక్క పెడతారు. ఎందుకని అడిగితే, గీత కొడితే ఆ ఇంటి పని అయిపోయినట్టు ఉంటుందన్నారు. ఇలాంటి పుస్తకాలు నలభైకి పైనే ఉన్నాయి. ఎవరికీ చూపించరు. నేను చూడగలిగింది ఒకే ఒకసారి, అదీ తుపాను పుణ్యమా అని.

హుద్‌హుద్ తుపాను రోజు ఏం జరిగింది?

2014 అక్టోబరు 12, ఆదివారం. అంత గాలి వస్తుందని తెలిసి ముందురోజే ఆరాధన లేదని అందరికీ చెప్పాం. అయినా అయ్యగారు పొద్దున మందిరానికి వెళ్లి కూర్చున్నారు, ఎవరైనా తెలియక వస్తారేమోనని. అమ్మగారి మాట వినలేదు. నేను, మరో ముగ్గురం ఆయనను వెనక్కి తీసుకురావడానికి వెళ్లి అక్కడే చిక్కుపడ్డాం. మందిరం పక్కన సామాను గదిలో అయిదుగురం. గాలి ఊళలా లేదు, పెద్ద లారీ గోడకు ఆనుకుని ఇంజను ఆపకుండా నిలబడ్డట్టు ఉంది. సండే స్కూలు షెడ్డు రేకులు ఒక్కొక్కటే పేకముక్కల్లా లేచిపోయాయి. కీర్తన పాడదామని ఒకాయన మొదలుపెట్టాడు, పక్కవాడికే వినపడలేదు. అయ్యగారు భయపడ్డారా అని అడుగుతారు. భయపడ్డారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ల గుర్తులు సాయంత్రందాకా ఉన్నాయి.

మర్నాడు ఊరు గుర్తుపట్టలేకపోయాం. వీధికి నాలుగు చెట్లు అడ్డం. కరెంటు లేదు, మోటార్లు లేవు, కుళాయి రాదు. పాల ప్యాకెట్ కోసం కొట్లాటలు. మా ఆవరణలో పాత బావి ఒకటి ఉంది, ఏళ్లుగా మూతవేసి ఉంచాం. అయ్యగారు మూత తీయించి గిలక కట్టించారు. మూడు వీధుల వాళ్లు బిందెలతో వచ్చారు. సంఘంవారికి ముందు ఇవ్వాలని ఒక పెద్దమనిషి సూచించారు. అయ్యగారు ఆయనకే చేద ఇచ్చి, వరుసలో ఉన్నవారికి తోడి పోయమన్నారు. పాపం, ఆ పెద్దమనిషి రెండు గంటలు తోడారు.

నోటు పుస్తకాల సంగతి ఇక్కడే. ఆయన గది కప్పు కారి అన్నీ తడిశాయి. నాలుగు రోజుల తరువాత ఎండ వచ్చాక, విడిపోయిన కాగితాలను బట్టల తాడు మీద క్లిప్పులతో ఆరబెట్టాం. పెన్సిలుతో రాసినవి నిలిచాయి, సిరాతో రాసినవి నీలం మరకలయ్యాయి. ఆరబెడుతూ ఒక కాగితం మీద మా ఇంటి పేరు చూశాను. 1989, మా నాన్నగారు పోయిన ఏడాది. సంగతి గడిలో "కొడుకు నవ్వుతున్నాడు. బాగాలేడు" అని ఉంది. మూడో గడిలో వరుసగా పదకొండు చుక్కలు.

పెళ్లిళ్లు చేస్తారా? వేరే మతంవారిని చేసుకుంటే?

ఇప్పుడు కొత్త కాపరి చేస్తారు. నియమం ఒకటే కాబట్టి చెబుతాను. మా పెళ్లిళ్లు 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం కింద జరుగుతాయి. ఆ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా చాలు. మామూలుగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల జరగాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. మందిరంలో ఆదివారాలు ప్రకటన చదువుతాం. వయసు ధ్రువపత్రాలు లేకుండా నా దగ్గరకు రాకండి.

అయ్యగారు చట్టానికి తోడు తన సొంత నియమం ఒకటి కలిపారు. అమ్మాయితోను, అబ్బాయితోను విడివిడిగా, పెద్దలు లేకుండా మాట్లాడేవారు. ఆ మాటల తరువాత రెండు పెళ్లిళ్లు ఆగిపోయాయి. రెండుసార్లూ అమ్మాయి తండ్రులు ఆయన మీద కేకలు వేశారు. "అమ్మాయి నాతో చెప్పింది మీతో చెప్పలేకపోయింది. కేకలు వేయాల్సింది అందుకు" అని అయ్యగారు అన్నారు. ముహూర్తాల గురించి ఒక మాట. ఆషాఢంలో వద్దండీ అని చెవిలో చెప్పే క్రైస్తవ కుటుంబాలు నేను చూసినవాటిలో తక్కువేమీ కాదు. అయ్యగారు వాదించరు. శ్రావణంలో హాలు అద్దె ఎక్కువని మాత్రం గుర్తుచేస్తారు.

ఇతర మతాలవారు మందిరానికి రావచ్చా? మతం మార్చుకోమంటారా?

రావచ్చు. వస్తారు. హార్బరు మీదికి చూస్తే మూడు కొండలు, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మరియమ్మ చర్చి. ఆ ఓడరేవు నీడలో పెరిగినవాళ్లం, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారని అడిగే అలవాటు మాకు లేదు. బాప్తిస్మం అడిగినవారిని అయ్యగారు కనీసం ఏడాది ఆగమనేవారు. అప్పు తీర్చడానికి, ఆసుపత్రి ఖర్చుకు సంఘం సాయం పొందినవారైతే ఇంకా ఎక్కువ. "కృతజ్ఞతకు బాప్తిస్మం ఇవ్వను" అని ఆయన పద్ధతి. దానివల్ల మా రిజిస్టరు సన్నగా ఉందని వేరే సంఘాలవాళ్లు ఎగతాళి చేశారు. ముప్పై ఏళ్ల పాఠం మళ్లీ చదవండి.

అమ్మగారి గురించి ఎవరూ చెప్పరేం?

అడిగినందుకు సంతోషం, ఎందుకంటే అడిగింది ఒక్కరే. ఆమె ఉపాధ్యాయిని. సంఘం ఇచ్చే జీతం రెండు నెలలకోసారి వచ్చిన రోజుల్లో ఇల్లు గడిచింది ఆమె జీతంతో. స్త్రీల సమాజం ఆమె నడిపింది. ప్రతి ఇంటినుంచి వంటకు ముందు ఒక గుప్పెడు బియ్యం పక్కన తీసి పెట్టి, నెలకోసారి పోగు చేసి లేని ఇళ్లకు పంచే పిడికెడు బియ్యం కానుకను ఆగకుండా నడిపిందీ ఆమే. అయ్యగారి ప్రసంగం పొడవైతే రెండో వరుసలో కూర్చుని కళ్లజోడు తీసి తుడిచేది. ఆయన వెంటనే ముగించేవారు. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ప్రసంగం ముప్పై అయిదు నిమిషాలు దాటుతోంది, ఆపేవారు లేరు.

ఆయన ఎప్పుడైనా తప్పు చేశారా?

ఈ ప్రశ్న ఒక కళాశాల విద్యార్థి అడిగాడు. కొట్టేయమంటారేమో అనుకుని అయ్యగారికి చూపించాను. ఇది మాత్రం తప్పకుండా ఉంచమన్నారు.

సేవలో చేరిన తొలి ఏళ్లలో సంఘంలోని ఒక స్త్రీ ప్రాణం తీసుకుంది. అలా పోయినవారికి సమాధి ఆరాధన చేయకూడదని అప్పటి పెద్దలు పట్టుబట్టారు. అయ్యగారు చిన్నవారు, ఎదురు చెప్పలేదు. గేటుదాకా వెళ్లి ఆగిపోయారు. లోపల ఆమె భర్త, ఇద్దరు పిల్లలు, తవ్వేవాళ్లు. ప్రార్థన చేసేవారు లేక ఆ భర్త తనకు వచ్చిన ఒకే ఒక వాక్యభాగం, ఇరవై మూడో కీర్తన, సగం చదివి మిగతాది గుర్తురాక ఆగిపోయాడు. ఆ ఆగిపోవడం గేటు దగ్గర నిలబడ్డ అయ్యగారికి వినపడింది. అక్కడి నుంచి అందించినా సరిపోయేది, అందించలేదు. ఇది ఆయన నోటితో ఒకేసారి చెప్పారు, మట్టల ఆదివారం తరువాత వారంలో, శ్రమల కూడికలో.

ఆ తరువాత ఎవరు ఎలా పోయినా ఆయన సమాధి దగ్గర ఆరాధన చేశారు. రెండుసార్లు సంఘంలో దీని మీద గొడవ కూడా అయింది. ఏటా ఈస్టరు తెల్లవారుజామున బీచిలో ఆరాధన అయ్యాక, అందరూ ఇడ్లీల కోసం బయలుదేరితే, ఆయన మాత్రం ఆ సమాధి తోటకు వెళ్తారు. ఆటో మాట్లాడేది నేనే కాబట్టి నాకు తెలుసు.

మందిరం ఆస్తులు, లెక్కలు ఆయన చూస్తారా?

లేదు. ఎప్పుడూ చూడలేదు. లెక్కలు కోశాధికారివి, తనిఖీ ఏటా జరుగుతుంది, కాగితం నోటీసు బోర్డు మీద ఉంటుంది.

ఇప్పుడు ఆయనను కలవడం ఎలా?

మందిరం వెనుక చిన్న ఇంట్లో ఉంటారు. పొద్దున రావద్దు, కంటి చుక్కలు వేసుకుని పడుకుంటారు. సాయంత్రం 4 తరువాత రండి. గేటు గొళ్లెం పైకెత్తి తోయాలి, పక్కకు లాగితే రాదు. కుడి చెవి వినపడదు, కాబట్టి ఎడమవైపు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోండి. మాట్లాడటానికి ఏమీ లేకపోయినా ఫర్వాలేదు, ఆయనకు అలవాటే. ఒడిలో నోటు పుస్తకం ఉంటుంది. కళ్లు సరిగా కనిపించడం లేదు గనుక ఈ మధ్య పెన్సిలు మీ చేతికే ఇచ్చి రాయమంటున్నారు. ఇంటి పేరు, వీధి రాయండి. రెండో గడిలో మీకు తోచింది రాయండి. మూడో గడి ఖాళీగా ఉంచండి, అది ఆయన నింపుకుంటారు.